కలుపు మొక్క కాదు, గుంటగలగర!
గుర్తించడం, సాగు చేయడం, అమ్ముకోవడంలో తీసుకోవలసిన జాగ్రత్తలు

వరి మడిలో కలుపు తీసేటప్పుడు చేతికి వచ్చే మొక్కల్లో గుంటగలగర ఒకటి. దాన్ని పీకి గట్టు మీద పారేస్తాం. రెండు రోజుల్లో ఎండిపోతుంది. అక్కడితో దాని కథ అయిపోయిందనుకుంటాం. కానీ హైదరాబాదులో ఎర్రగడ్డ, మోతీనగర్ వైపు ఏ మందుల దుకాణంలోకి వెళ్ళి చూసినా తలనూనె సీసాల మీద ‘భృంగరాజ్’ అనే పేరు పెద్ద అక్షరాలతో కనిపిస్తుంది. ఆ భృంగరాజ్, మీరు గట్టు మీద పారేసిన గుంటగలగర రెండూ ఒకటే మొక్క!

అలాగని రేపే రెండెకరాల్లో వేసేయమని చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. ఒకటి రెండు గుంటల నేల, కొద్దిపాటి నీటి వసతి ఉన్న చిన్న రైతు దీన్ని ఎలా గుర్తించాలి, ఎలా పెంచాలి, ఎక్కడ మోసపోయే ప్రమాదం ఉంది అనే విషయాలు తెలుసుకుంటే, ఇందులో తనకు నాలుగు డబ్బులు మిగులుతాయో లేదో తానే తేల్చుకోగలడు.

పేర్లు తెలిసి ఉండాలి

మన దగ్గర దీన్ని గుంటగలగర, గుంటకలగర, గలగరాకు అని పిలుస్తారు. నీటి కుంటల ఒడ్డున, కాలువ గట్ల మీద, వరి మడుల్లో, తడి ఆరని ప్రతిచోటా మొలుస్తుంది. సంస్కృతంలో భృంగరాజ, మార్కవ అంటారు. హిందీలో భాంగ్రా, తమిళంలో కరిసలాంకణ్ణి, మలయాళంలో కయ్యోన్ని అంటారు. ఈ పేర్లన్నీ ఎందుకంటే, బేగంబజారులో మూలికల వ్యాపారి ‘గుంటగలగర’ అంటే అర్థం కానట్టు చూడవచ్చు. ‘భాంగ్రా’ అంటే వెంటనే ధర మాట్లాడతాడు. సరుకు పేరు తెలియని రైతు బేరంలో సగం ఓడిపోయినట్టే.

శాస్త్రీయ నామం ఎక్లిప్టా ప్రోస్ట్రాటా. పాత పుస్తకాల్లో ఎక్లిప్టా ఆల్బా అని ఉంటుంది. రెండూ ఒకటే. చామంతి, బంతి, పొద్దుతిరుగుడు ఏ కుటుంబానికి చెందినవో ఇదీ ఆ కుటుంబానిదే. ఈ కుటుంబంలో మనం ఒక పువ్వు అనుకునేది నిజానికి ఒక పువ్వు కాదు, పదుల కొద్దీ చిన్న పువ్వులు ఒకే గుండీ మీద కుదురుకున్న గుత్తి. పొద్దుతిరుగుడు పువ్వును చేతిలోకి తీసుకుని దగ్గరగా చూస్తే ఈ సంగతి తెలిసిపోతుంది. గుంటగలగర పువ్వు కూడా అలాంటిదే, కాకపోతే శనగగింజంత ఉంటుంది.

గుర్తించడం ఎలా?

ఈ కింది లక్షణాలన్నీ కలిసి ఉంటేనే గుంటగలగర అని నిర్ధారించుకోవాలి. ఒక్క లక్షణం చూసి నమ్మకూడదు.

1. కాండం: ఎరుపు లేదా ఊదా రంగు కలిసిన కాండం. వేలితో రాస్తే గరుకుగా ఉంటుంది. కాండాన్ని అంటిపెట్టుకుని తెల్లని పొట్టి నూగు ఉంటుంది. తడి నేలను తాకిన కణుపు దగ్గర వేళ్ళు పుట్టుకొస్తాయి. మొక్క జానెడు నుంచి మూరెడు ఎత్తు పెరుగుతుంది. కొన్నిచోట్ల నేలమీద పాకుతుంది.

2. ఆకులు: ఒక కణుపు దగ్గర ఎదురెదురుగా రెండేసి ఉంటాయి. సన్నగా, పొడవుగా, కొన దేలి ఉంటాయి. తొడిమ ఉండదు, ఉన్నా ఉందా అన్నట్టు ఉంటుంది. రెండు వైపులా గరుకే.

3. పువ్వు: ఆకు పంగలో నుంచి సన్నని కాడ మీద ఒకటో రెండో వస్తాయి. అంచున సన్నని తెల్లని రేకలు చాలా ఉంటాయి. మధ్య భాగం కూడా తెలుపే. పసుపు బొట్టు కనిపిస్తే అది గుంటగలగర కాదు.

4. గింజ: రేకలు రాలాక ఆకుపచ్చని చిన్న గుండీలా మిగులుతుంది. ముదిరితే అందులో నల్లని గింజలు పొద్దుతిరుగుడు గింజల మాదిరి ఒత్తుగా పేర్చినట్టు కనిపిస్తాయి. గింజకు దూదిపింజ ఉండదు, గాలికి ఎగిరిపోదు.

5. నల్లబడే పరీక్ష: నాలుగు లేత ఆకులు అరచేతిలో నలిపి రసం పిండండి. మొదట ఆకుపచ్చగా ఉన్న రసం కొద్ది నిమిషాల్లో నలుపుకు తిరుగుతుంది. లేత కాడను విరిచినా విరిచిన చోట నల్లబడుతుంది. పూర్వం పచ్చబొట్లు పొడిచేవారు ఈ రసం వాడింది ఈ నలుపు కోసమే. గుడ్డను ఈ రసంలో నానబెట్టి, ఆరబెట్టి, వత్తి చేసి ఆముదపు దీపం వెలిగించి కాటుక పట్టే పద్ధతి మీ ఇళ్ళలో పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది.

దీనితో పొరబడే మొక్కలు

గడ్డిచామంతి: ఎక్కువగా పొరపాటు జరిగేది దీనితోనే. ఇది కూడా చామంతి కుటుంబపు మొక్కే. కానీ పువ్వు మధ్యలో పసుపు రంగు ఉంటుంది. చుట్టూ నాలుగైదు తెల్లని రేకలు, ఒక్కొక్క రేక కొన మూడు పళ్ళుగా చీలి ఉంటుంది. పువ్వు జానెడు పొడవు కాడ మీద ఒంటరిగా నిలబడుతుంది. గింజలు పింజతో గాలికి ఎగురుతాయి. ఆకు అంచు రంపంలా లోతుగా కోసి ఉంటుంది. గుంటగలగర తడిలో పెరిగితే, గడ్డిచామంతి ఎండిన గట్ల మీద, రోడ్డు పక్కన, గోడల పగుళ్ళలో కూడా పెరుగుతుంది. గాయానికి దీని పసరు పిండడం పల్లెల్లో అలవాటే గానీ, ఇది భృంగరాజ కాదు. ఇది కలిసిన మూటను తెలిసిన వ్యాపారి తిప్పి పంపుతాడు.

వయ్యారిభామ: కాంగ్రెస్ గడ్డి అని కూడా అంటారు. 1950 దశకంలో పుణె దగ్గర మొదట కనిపించి దేశమంతా పాకింది. పూలు తెల్లగా, చిన్నగా ఉంటాయి కనుక దూరం నుంచి చూసి పొరబడవచ్చు. ఆకును చూస్తే అనుమానం తీరుతుంది. వయ్యారిభామ ఆకు క్యారెట్ ఆకులా చీలికలు చీలికలుగా ఉంటుంది. పూలు కొమ్మల చివర గుంపుగా పూస్తాయి. ఇది చర్మానికి దురద, దద్దుర్లు, కొందరికి ఉబ్బసం తెస్తుంది. ఒక్క మొక్క కూడా సరుకులో కలవకూడదు. తీసేటప్పుడు చేతికి తొడుగు వేసుకుని, పూతకు రాకముందే పీకాలి.

పొన్నగంటి కూర: గుంటగలగర పక్కనే పెరుగుతుంది. దీని ఆకులూ ఎదురెదురుగానే ఉంటాయి. కానీ ఆకు నున్నగా ఉంటుంది. తెల్లని కాగితపు ముక్కల్లాంటి పూలు కాడ లేకుండా కణుపుకు అతుక్కుని ఉంటాయి. ఇది తోటకూర కుటుంబపు ఆకుకూర.

పసుపు పూల తీగ: హైదరాబాదులో పార్కుల్లో, రోడ్డు డివైడర్లలో నేలంతా పరుచుకుని పసుపు పూలు పూసే తీగను చూసే ఉంటారు. ఆకు మూడు పాయలుగా ఉంటుంది. ఇది అమెరికా ఖండపు ఉష్ణప్రాంతాల నుంచి అందం కోసం తెచ్చినది. దీన్ని ‘పసుపు భృంగరాజ్’ అని నారు అమ్మేవారుంటే నమ్మకండి. ఆ పేరుతో పిలిచే అసలు మొక్క వేరే ఉంది. మీకు కావలసింది మాత్రం తెల్ల పూలదే.

ఎక్కడ పడితే అక్కడ కోయవద్దు

మోతీనగర్, బోరబండ, మూసాపేట వైపు వానాకాలంలో ఖాళీ ప్లాట్లలో, మురుగు కాలువల ఒడ్డున గుంటగలగర దట్టంగా కనిపిస్తుంది. ఊరికే దొరుకుతోంది కదా అని కోసి అమ్మడం తప్పు. తడిలో పెరిగే మొక్క నీటిలో ఏముంటే అది పీల్చుకుంటుంది. మురుగులోని సీసం, కాడ్మియం వంటి లోహాలు ఆకులోకి చేరతాయి. కడిగితే పోయేవి కావవి.

మన ఆయుర్వేద ప్రమాణాల ప్రకారం మూలికలో కిలోకు సీసం 10 మిల్లీగ్రాములు, ఆర్సెనిక్ 3 మిల్లీగ్రాములు, పాదరసం 1 మిల్లీగ్రాము, కాడ్మియం 0.3 మిల్లీగ్రాములు మించకూడదు. పెద్ద కంపెనీలు పరీక్ష చేయించి కొంటాయి. పరీక్షలో తప్పిన సరుకు వెనక్కి వస్తుంది, కిరాయి మీ నెత్తిన పడుతుంది. అంతకంటే ముఖ్యం, దాన్ని నూరి తలకు రాసుకునేదీ కడుపులోకి తీసుకునేదీ మనలాంటివాళ్ళే.

మూసీ దిగువన మురుగునీటితో సాగయ్యే పొలాలు, కర్మాగారాల వ్యర్థాలు కలిసిన వాగుల పక్క పొలాలు ఈ పంటకు పనికిరావు. పటాన్‌చెరు ప్రాంతంలో నక్కవాగు కాలుష్యంతో పొలాలు పాడైన రైతుల గోడు 1990లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. అలాంటి చోట్ల మొక్క పచ్చగా, ఏపుగా పెరిగినా మందుకు పనికిరాదు. అలాగే కలుపు మందు కొట్టిన వరి మడిలో బతికి మిగిలిన గుంటగలగరను కూడా కోయవద్దు.

దేనికి వాడతారు? ఎంతవరకు నమ్మాలి?

నువ్వుల నూనెలోనో కొబ్బరి నూనెలోనో ఈ ఆకు రసం పోసి, తడి ఇగిరేదాకా కాచి తలకు రాసుకోవడం మన ఇళ్ళలో ఎప్పటి నుంచో ఉంది. ఆయుర్వేదంలో భృంగరాజ తైలం, ఆసవం తయారీకి ఇది ముఖ్యమైన దినుసు. ఆకులో వెడెలోలాక్టోన్ అనే పదార్థం ఉంది. కాలేయం మీద దాని ప్రభావం గురించి ప్రయోగశాలల్లో, జంతువుల మీద పరిశోధనలు జరిగాయి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. పచ్చకామెర్లు వస్తే గుంటగలగర పసరు తాగి ఊరుకోవడం చాలా ప్రమాదం. కామెర్లు ఒక జబ్బు కాదు, అనేక జబ్బుల లక్షణం. కొన్ని వాటంతట అవే తగ్గుతాయి, అప్పుడు పేరు పసరుకు వస్తుంది. కొన్ని రోజుల్లోనే ప్రాణం మీదికి తెస్తాయి, అప్పుడు పసరు మీద నమ్మకంతో పోగొట్టుకున్న సమయం తిరిగి రాదు. ముందు రక్తపరీక్ష, డాక్టరు. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, పసిపిల్లలకు సొంతంగా ఇవ్వకూడదు. మూలికా వైద్యమే కావాలనుకునేవారు ఎర్రగడ్డలోని ప్రభుత్వ ఆయుర్వేద ఆసుపత్రిలో అర్హత ఉన్న వైద్యులకు చూపించుకోవచ్చు. రైతుగా మీరు ఆకు అమ్మండి గానీ, జబ్బు నయమవుతుందని మాత్రం ఎవరికీ హామీ ఇవ్వవద్దు.

నేలలు, కాలం

తేమను పట్టి ఉంచే నల్లరేగడి, ఒండ్రు, ఎర్ర గరప నేలలు అనుకూలం. నీరు కాసేపు నిలిచినా తట్టుకుంటుంది గానీ నీటి ఎద్దడిని తట్టుకోలేదు. కాబట్టి బోరు కింద మడి, కాలువ పక్క పల్లపు జాగా, బావి గట్టు దగ్గర తడి పారే చోటు ఎంచుకోవాలి. ఇతర పంట వేస్తే నీరు ఎక్కువై కుళ్ళిపోయే మూల ఏదైనా మీ చేలో ఉంటే దీనికి అదే మంచి చోటు. వానాకాలం పంటకు మే నెలాఖరున గానీ జూన్‌లో గానీ నారు పోసుకుని, వానలు కుదురుకున్నాక నాటుకోవాలి. నీటి వసతి ఉంటే వేసవిలోనూ పెరుగుతుంది. గట్టి చలిలో మొలక మందగిస్తుంది.

విత్తనం

ఈ పంటకు సంచుల్లో అమ్మే పేరున్న విత్తనం కోసం తిరగవలసిన పని లేదు. శుభ్రమైన చోట పెరిగిన, ఏపైన, ఆకు ఎక్కువగా ఉన్న మొక్కలను ఎంచి గుర్తు పెట్టుకోండి. గుండీలు నల్లబడగానే కోసి, కాగితం మీద నీడలో ఆరబెట్టి నలిపితే గింజ రాలుతుంది. గుప్పెడు గింజల్లో వేల మొక్కలుంటాయి. వేయడానికి ముందు మొలక పరీక్ష చేసుకోవాలి. పళ్ళెంలో తడిగుడ్డ పరచి, వంద గింజలు లెక్కపెట్టి చల్లి, వెలుతురు తగిలే చోట ఉంచి తడి ఆరకుండా చూడాలి. వారం పది రోజుల్లో ఎన్ని మొలిచాయో చూస్తే విత్తనం బలం తెలుస్తుంది.

వెలుతురు అని ప్రత్యేకంగా చెప్పడానికి కారణం ఉంది. గుంటగలగర గింజకు వెలుతురు తగలందే మొలక రాదు. మట్టిలో లోతుగా పడితే అలాగే నిద్రపోతుంది. చాలామంది ‘విత్తనం మొలవలేదు’ అనేది ఈ సంగతి తెలియకే.

నారుమడి

రెండు గుంటల నేలకు ఒక మీటరు వెడల్పు, నాలుగు మీటర్ల పొడవు ఉన్న ఎత్తు మడి సరిపోతుంది. మట్టిని మెత్తగా చేసి, జల్లించిన పశువుల ఎరువు కలిపి చదును చేయాలి. గింజలకు నాలుగైదింతలు సన్నని ఇసుక కలిపి పైపైన చల్లాలి. మట్టి కప్పవద్దు, వరిగడ్డి పరచవద్దు. చేత్తో గానీ పలకతో గానీ మెల్లగా అదిమితే చాలు. రోజా డబ్బాతో ఉదయం, సాయంత్రం సన్నని జల్లుగా నీరు ఇవ్వాలి. ఎండ తీవ్రంగా ఉంటే మధ్యాహ్నం పూట ఎత్తుగా పలుచని పందిరి నీడ కల్పించాలి. నాలుగు వారాలకు బెత్తెడు ఎత్తు నారు సిద్ధమవుతుంది.

నారు పోయడం శ్రమ అనుకునేవారు కాండపు ముక్కలతోనూ పెంచుకోవచ్చు. రెండు మూడు కణుపులున్న ముక్కలను కోసి, ఒక కణుపు మట్టిలోకి వెళ్ళేలా తడి మడిలో గుచ్చితే కణుపు దగ్గర వేళ్ళు పుడతాయి. ఇంటి దగ్గర నాలుగు మొక్కలకు, ఖాళీలు పూడ్చడానికి ఈ పద్ధతి తేలిక.

నాటడం, ఎరువులు, నీరు

గుంటకు 100 కిలోల వరకు బాగా మాగిన పశువుల ఎరువు చల్లి కలియదున్నాలి. సాళ్ళ మధ్య 30 సెంటీమీటర్లు, మొక్కల మధ్య 20 సెంటీమీటర్ల దూరంలో సాయంత్రం పూట నాటి వెంటనే నీరు పెట్టాలి. ఈ లెక్కన గుంటకు 1,600 పైచిలుకు మొక్కలు పడతాయి. యూరియా కుమ్మరిస్తే ఆకు పెరుగుతుంది నిజమే గానీ, అలాంటి మెత్తని ఆకు ఎండేటప్పుడు త్వరగా చెడుతుంది. కొనేవారు కూడా సేంద్రియ సరుకునే అడుగుతున్నారు. కోత కోసిన ప్రతిసారీ మరికొంత ఎరువు గానీ వర్మీకంపోస్టు గానీ వేస్తే సరిపోతుంది.

నేల ఎప్పుడూ తడిగా ఉండాలి. వానలు లేకపోతే మూడు నాలుగు రోజులకొక తడి అవసరమవుతుంది. మొదటి నెలలో రెండుసార్లు చేత్తో కలుపు తీయాలి. ఆ సమయంలోనే గడ్డిచామంతి, వయ్యారిభామ, పొన్నగంటి మొక్కలను ఏరేయాలి. కోతలో కలిసిపోయాక ఎండు ఆకులో వాటిని ఏరడం ఎవరి తరమూ కాదు.

పేనుబంక కనిపిస్తే వేపగింజల కషాయం పిచికారీ చేయాలి. ఆకుల మీద తెల్లని బూడిద కనిపిస్తే ఆ కొమ్మలను కోసి దూరంగా పారేసి, మొక్కల మధ్య గాలి ఆడేలా చూడాలి. పురుగుమందులు, కలుపు మందుల జోలికి వెళ్ళవద్దు. ఇది మందుగా వాడే ఆకు.

కోత

నాటిన రెండు నెలలకు అటూ ఇటూగా పూత నిండుగా వస్తుంది. గుండీలు నల్లబడక ముందే కోయాలి. ఆలస్యమైతే రెండు నష్టాలు. ఆకు తగ్గి కాడ ముదురుతుంది. గింజ రాలి వచ్చే కారుకు అదే మడిలో వేల మొక్కలు కలుపుగా లేస్తాయి. వరి తర్వాత వరి వేసే మడిలో దీన్ని వేయవద్దనడానికి కారణం ఇదే. విడిగా ఒక మూల కేటాయించుకోండి.

కొనేవారు ఆకు, కాడ మాత్రమే అడిగితే రెండు మూడు కణుపులు వదిలి పదునైన కొడవలితో కోయాలి. మళ్ళీ చిగురు వేసి నెలన్నరలో రెండో కోత వస్తుంది. ఆయుర్వేద ప్రమాణం మాత్రం మొక్క మొత్తాన్ని, అంటే వేరుతో సహా పంచాంగాన్ని చెబుతుంది. అలా అడిగేవారికి చివరి కోతలో వేరుతో పీకి, మట్టి పోయేదాకా కడిగి ఇవ్వాలి. ఏది కావాలో కోతకు ముందే అడిగి తెలుసుకోండి.

కోసిన పచ్చి ఆకును కుప్పగా పోయకూడదు. వేడెక్కి నల్లబడుతుంది. మంచినీటితో కడిగి, నీరు ఓడ్చి, గాలి ఆడే నీడలో పలుచగా పరచి రోజుకు రెండుసార్లు తిరగేయాలి. తారు రోడ్డు మీద, కళ్ళంలో దుమ్ములో ఆరబెట్టవద్దు. మట్టి, ఇతర మొక్కలు కలిసి నూటికి రెండు పాళ్ళకు మించకూడదన్నది ప్రమాణం. కాడ విరిస్తే పుటుక్కున విరగాలి, ఆకు రంగు పచ్చగానే ఉండాలి. అప్పుడు శుభ్రమైన గోనెసంచుల్లో నింపి, తేదీ రాసి, నేలకు తగలకుండా బల్ల మీద పెట్టాలి. ఎరువుల సంచులు, పురుగుమందుల అట్టపెట్టెలు వాడవద్దు.

అమ్మకం: పచ్చిగానా, ఎండుగానా?

ఇక అసలు లెక్కకు వద్దాం. కింద ఇచ్చిన ధరలు లెక్క చూపించడం కోసం అనుకున్నవి మాత్రమే. మీ దగ్గర నడిచే ధరలు పెట్టి మీరే లెక్క వేసుకోవాలి.

ఈ ఆకులో నీరు ఎక్కువ. ఐదారు కిలోల పచ్చి ఆకు ఎండితే కిలో ఎండు సరుకు వస్తుంది. వ్యాపారి ఎండు కిలోకు 60 రూపాయలు ఇస్తానన్నాడనుకుందాం. ఆరు కిలోల పచ్చికి 60 రూపాయలు అంటే పచ్చి కిలోకు పది రూపాయలే. ఒక మనిషి రోజంతా కోసి, కడిగి, ఆరబెట్టి 40 కిలోలు చేయగలిగితే వచ్చేది 400 రూపాయలు. కూలి 500 అయితే, కిరాయి లెక్కలోకి రాకముందే వంద రూపాయల నష్టం! ‘కిలో 60’ అన్న మాట వినడానికి బాగుంటుంది, లెక్క వేస్తే ఇదీ సంగతి. ఇంటిల్లిపాదీ చేసుకునే పని అయినా మీ కష్టానికి కూలి కట్టి చూసుకోండి.

అదే పచ్చి ఆకును పావుకిలో కట్టలు కట్టి కట్ట పది రూపాయలకు అమ్మగలిగితే కిలోకు 40 రూపాయలు. ఇంట్లో నూనె కాచుకునేవారు పట్నంలో చాలామందే ఉన్నారు. వారికి నమ్మకంగా, శుభ్రమైన చోట పెరిగిన తాజా ఆకు దొరకడం కష్టంగా ఉంది. కానీ ఇది తోటకూర కాదు, రోజూ ప్రతి ఇంటివారూ కొనరు. మొదట్లో రోజుకు పది ఇరవై కట్టలకు మించి పోకపోవచ్చు. అందుకే ఒకటి రెండు గుంటలతో మొదలుపెట్టమంటున్నాం.

రైతుబజార్లు 1999 జనవరి 26న ప్రారంభమయ్యాయి. మోతీనగర్‌కు దగ్గరలోని ఎర్రగడ్డ రైతుబజారు పేరున్న వాటిలో ఒకటి. శంకర్‌పల్లి, చేవెళ్ళ, సంగారెడ్డి వైపు నుంచి ఆకుకూరలు పట్నానికి తెచ్చే రైతులు, గుర్తింపు కార్డు ఉంటే, కొత్తిమీర, పాలకూర పక్కనే పది కట్టల గుంటగలగర పెట్టి చూడవచ్చు. దానికోసం వేరే కిరాయి పడదు. కొన్న మనిషికి ఆకు నలిపి రసం నల్లబడటం చూపించండి. అంతకు మించిన ప్రచారం అక్కర్లేదు. తెచ్చిన రోజే అమ్ముడుపోవాలి, మర్నాటికి ఆకు నలుపెక్కుతుంది.

ఎండు సరుకుకు పదిమంది రైతులు కలిసి, ఒకే నాణ్యతతో పోగుచేసి, బేగంబజారులో ఇద్దరు ముగ్గురు వ్యాపారులకు నమూనా చూపి ధర అడగాలి. ఒక్కరి మాట మీద నిలవవద్దు.

‘మేమే కొంటాం’ అనేవారితో జాగ్రత్త

సఫేద్ ముస్లీ, కలబంద, స్టీవియా అంటూ ఊళ్ళమీదికి వచ్చి, వేల రూపాయలకు నారు అంటగట్టి, ‘పంట మొత్తం మేమే కొంటాం’ అని కాగితం రాసిచ్చి, కోత సమయానికి ఫోను ఎత్తకుండా పోయినవారి సంగతి మన రైతులకు కొత్త కాదు. గుంటగలగర విషయంలోనూ అలాంటివారు రావచ్చు. మీ కాలువ గట్టున ఊరికే మొలిచే మొక్క నారుకు ఎవరైనా ధర చెబితే అక్కడే అనుమానించాలి.

ఎవరితోనైనా ఒప్పందం కుదుర్చుకునేటప్పుడు ఈ నాలుగు చూడండి. కొనేవారి చిరునామాకు మీరు స్వయంగా వెళ్ళి చూశారా? ధర, తూకం, తేమ, తిప్పి పంపే షరతులు కాగితం మీద తెలుగులో ఉన్నాయా? డబ్బు ఎన్నాళ్ళకు ఇస్తారు? ఇంతకుముందు వారికి సరుకు అమ్మిన రైతు ఎవరైనా ఉన్నారా? వీటిలో ఒక్కదానికి జవాబు లేకపోయినా అడ్వాన్సు ఇవ్వకండి.

సలహా ఎక్కడ దొరుకుతుంది?

మొక్క గుర్తింపులో అనుమానం ఉంటే పువ్వు, గింజ, వేరుతో సహా ఒక మొక్కను పాత వార్తాపత్రికలో పెట్టి తీసుకెళ్ళండి. రాజేంద్రనగర్‌లోని ఔషధ, సుగంధ మొక్కల పరిశోధనా స్థానం, బోడుప్పల్‌లోని సీమ్యాప్ కేంద్రం ఔషధ మొక్కల మీదే పనిచేస్తాయి. ఔషధ మొక్కల పథకాలను 2000లో ఏర్పడిన జాతీయ ఔషధ మొక్కల మండలి రాష్ట్ర మండలి ద్వారా నడిపిస్తుంది. ఈ ఏడాది ఏ మొక్కలకు సాయం ఉందో మీ మండల ఉద్యానశాఖ అధికారిని అడగండి. సాయం వస్తుందన్న మాట విని పంట వేయవద్దు. మంజూరు కాగితం చేతికి వచ్చాకే దాన్ని లెక్కలోకి తీసుకోండి.

ఈ వానాకాలం ముందుగా చేయవలసింది ఒక్కటే. కలుపు తీసేటప్పుడు తెల్ల పూల గుంటగలగరను విడిగా పక్కన పెట్టండి. నలిపి చూడండి, నల్లబడితే పది కట్టలు కట్టండి. మందు కొట్టని మడిది, మురుగు పారని చోటుది అయితేనే సుమా. ఆ పది కట్టలు నాలుగు వారాల పాటు అమ్ముడుపోతే అప్పుడు ఒక గుంటలో నాటండి. పోకపోతే మీకు ఖర్చయిందేమీ లేదు. ఎలాగూ పీకి పారేసే మొక్కే కదా!